గంట రేటు అడిగితే సరిపోదు

"ఏ స్కూల్లో గంటకి తక్కువ?" ఆస్ట్రేలియాలో కమర్షియల్ పైలట్ చదువు మాట వస్తే మనవాళ్ళ నోట మొదట వచ్చే ప్రశ్న ఇదే. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో పుట్టినరోజు విందులోనైనా, హైదరాబాద్ అమీర్‌పేటలో కన్సల్టెన్సీ బల్ల ముందైనా లెక్క మారదు. గంటకి ఇంత, గంటలు ఇన్ని, గుణిస్తే మొత్తం. ఎక్కడ తక్కువొస్తే అక్కడ చేర్పించెయ్యడమే. ఈ లెక్కలో గుణకారం సరిగ్గానే ఉంటుంది. గుణించిన రెండంకెలే నిజం కావు.

మొదటి అంకె, రేటు. గంట ఎప్పుడు మొదలవుతుందో తెలియకుండా రెండు స్కూళ్ళ రేట్లు పోల్చడం దండగ. కొన్ని స్కూళ్ళు ఇంజిన్ స్టార్టయిన క్షణం నుంచి తిరిగే వీడీఓ మీటరు చూసి బిల్లు వేస్తాయి. కొన్ని విమానం గాల్లో ఉన్నంతసేపే తిరిగే ఎయిర్‌స్విచ్ మీటరు చూసి వేస్తాయి. శనివారం పొద్దున సిడ్నీ బ్యాంక్స్‌టౌన్‌లో సెస్నా 172 స్టార్ట్ చేసిన కుర్రాణ్ణి చూడండి. ఏటిస్ అనే విమానాశ్రయ సమాచార ప్రసారం విని కాగితం మీద రాసుకోవాలి, గ్రౌండ్ కంట్రోలర్ అనుమతి తీసుకుని ట్యాక్సీ చెయ్యాలి, రన్-అప్ బేలో ఇంజిన్ పరీక్ష చెయ్యాలి, హోల్డింగ్ పాయింట్ దగ్గర తన వంతు కోసం ఆగాలి. చక్రాలు నేల వదిలేసరికి పావుగంట అయిపోతుంది. దిగాక పార్కింగ్ దాకా రావడానికి మరికొంత. గాల్లో గంట పాఠానికి వీడీఓ మీద 1.3 పడిందనుకుందాం. ఉదాహరణకి 380 డాలర్ల వీడీఓ రేటైతే బిల్లు 494. 440 డాలర్ల ఎయిర్‌స్విచ్ రేటైతే 440 దగ్గరే ఆగుతుంది. పైగా ఆస్ట్రేలియా నిబంధనల ప్రకారం లాగ్‌బుక్‌లో రాసుకునేది విమానం ఎగరడానికి కదిలినప్పటి నుంచి తిరిగొచ్చి ఆగేదాకా అయిన సమయం. కాబట్టి రెండో స్కూల్లో డబ్బు కట్టని నిమిషాలు కూడా మీ ఖాతాలోనే జమవుతాయి. బ్రోచర్లో చవగ్గా కనిపించింది చేతికొచ్చేసరికి ఖరీదైంది.

రెండో అంకె, గంటలు. విమానయాన నియంత్రణ సంస్థ కాసా పార్ట్ 61 నిబంధనల్లో కమర్షియల్ లైసెన్సుకి ఇంటిగ్రేటెడ్ కోర్సయితే 150 గంటలు, విడివిడిగా చేసుకుంటే 200 గంటలు అని ఉంది. రెండూ కనీస హద్దులే. 150 దగ్గర ఆగాలంటే దాదాపు ఏ పాఠమూ రెండోసారి చెయ్యకూడదు. కానీ వారానికి మూడుసార్లు ఎగిరేవాడికీ, రెండు వారాలకోసారి ఎగిరేవాడికీ ఒకే పాఠం ఒకే గంటలో రాదు. రెండోవాడి పాఠంలో సగం పోయినసారి నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. విమానం మెయింటెనెన్స్‌కి వెళ్ళిందని వారం ఆగితే, ఇన్‌స్ట్రక్టర్‌కి ఎయిర్‌లైన్ ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, కొత్తగా వచ్చినాయన "ఏదీ, ఓసారి సర్క్యూట్లు చేసి చూపించు" అంటాడు. మీటరు తిరుగుతూనే ఉంటుంది. ప్యాకేజీ గంటలు దాటాక ప్రతి గంటా విడి బిల్లే.

ఇప్పుడు ఆదా ఎంతో చూద్దాం. గంటకి 60 డాలర్ల తేడా అంటే 150 గంటలకి 9,000 డాలర్లు. ఊళ్ళో ఎకరం అమ్మి పంపిన తండ్రికి అది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ 380 డాలర్ల స్కూల్లో అదనంగా 24 గంటలు పడితే ఆ ఆదా మొత్తం హరీ. చదువు సాగితే తిండీ ఇంటద్దే మిగతాది మింగేస్తాయి. స్టూడెంట్ వీసాకి ఏడాది జీవన ఖర్చు కింద చూపించాల్సిన మొత్తాన్ని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో 29,710 డాలర్లకి పెంచింది. ఆ లెక్కనే నెలకి దాదాపు 2,500. ఆరు నెలలు ఆలస్యమైతే 15,000. రేటు దగ్గర గీసి గీసి బేరమాడినవాళ్ళు ఈ పద్దు రాసుకోరు.

"150 గంటల కోర్సు 200 కంటే చవకే కదా" అన్నది ఇంకో నమ్మకం. ఆస్ట్రేలియాలోనే ఉద్యోగం చేసేవాళ్ళ విషయంలో అది నిజం కావచ్చు. తిరిగి ఇండియా వెళ్ళి ఎగరాలనుకునే తెలుగు కుర్రాడికి మాత్రం కాదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కమర్షియల్ లైసెన్సుకి మొత్తం 200 గంటలు అడుగుతుంది, అందులో 100 పైలట్-ఇన్-కమాండ్‌గా. 150తో లైసెన్సు పుచ్చుకుని విమానం దిగినవాడు మిగిలిన 50 గంటలు ఎక్కడో ఒకచోట కొనాల్సిందే. డీజీసీఏ పరీక్షలూ, మెడికలూ వేరు. ఎక్కడ ఎగరబోతున్నామో తేల్చుకోకుండా కోర్సు తేల్చుకున్నందుకు కట్టే జరిమానా ఇది.

ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డ కుటుంబాల్లో మాట ఇంకోలా ఉంటుంది. "ప్రభుత్వం అప్పిస్తుందిగా, ఖర్చు గురించి దిగులెందుకు?" మొదటి సంగతి, వెట్ స్టూడెంట్ లోన్ అనే ఆ అప్పు పర్మనెంట్ రెసిడెన్సీ ఉన్నంత మాత్రాన రాదు. మానవతా వీసాల వాళ్ళూ, కొందరు న్యూజిలాండ్ పౌరులూ వంటి కొద్దిమందికి తప్ప, పౌరసత్వం ఉండాల్సిందే. రెండో సంగతి, పూర్తి ఫీజు కట్టే కోర్సుల్లో ఈ అప్పు మీద 20 శాతం లోన్ ఫీజు పడుతుంది. 80,000 డాలర్ల ఫీజుకి తలకెత్తుకునే అప్పు 96,000. ఆపైన ఏటా జూన్ 1న బాకీని పెంచే ఇండెక్సేషన్. 2025లో ప్రభుత్వం విద్యా అప్పులు 20 శాతం తగ్గించింది కదా అంటారు. అది అప్పటికే ఉన్న బాకీలకి ఒక్కసారి ఇచ్చిన ఊరట. రేపు చేరేవాడికి హామీ కాదు.

అప్పు ఇచ్చింది ప్రభుత్వమైనా చదువు పూర్తిచేయించే బాధ్యత స్కూలుదే. ఆ స్కూలు కూలితే ఏమవుతుందో మెల్‌బోర్న్ చూసింది. బాక్స్ హిల్ ఇన్‌స్టిట్యూట్ డిప్లొమాకి విమాన శిక్షణ ఇచ్చిన సోర్ ఏవియేషన్ కొవిడ్ కాలంలో మూతపడింది. లైసెన్సు చేతికి రాలేదని విద్యార్థులు విక్టోరియా సుప్రీంకోర్టులో క్లాస్ యాక్షన్ వేశారు. అది రాజీతో ముగిసింది. పోయిన ఏళ్ళకి ఏ రాజీలోనూ పూర్తి పరిహారం దొరకదు. "మొత్తం ముందే కడితే డిస్కౌంట్" అనే స్కూలు కనిపించినప్పుడల్లా ఇది గుర్తు చేసుకోవాలి. ఆ డిస్కౌంటుకి బదులుగా మీరిస్తున్నది వడ్డీ లేని, హామీ లేని అప్పు.

పొదుపు వద్దని నేననడం లేదు. చెయ్యాల్సిన చోట చెయ్యమంటున్నాను. మొదటి చోటు డాక్టరు గది. కాసా గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 1 మెడికల్ పాసయ్యాకే మొదటి ఫీజు కట్టాలి. ఇండియా ఆలోచన ఉంటే డీజీసీఏ మెడికల్ కూడా ముందే. రెండో చోటు పుస్తకం. కమర్షియల్ థియరీలో ఏడు సబ్జెక్టులున్నాయి. బిట్లు బట్టీ పట్టి పాసవ్వడం మనకి వెన్నతో పెట్టిన విద్య. కానీ మనం తప్పు రాసిన అంశాల చిట్టా కూడా కాసా చేతిలో పెడుతుంది. ఫ్లైట్ టెస్టుకి ముందు ఇన్‌స్ట్రక్టర్ ఆ అంశాల్లో ప్రశ్నించి తీరాలి. అర్థం కాకుండా గట్టెక్కినవాడు టెస్టులో దొరికిపోతే పరీక్ష ఫీజు మళ్ళీ, విమానం అద్దె మళ్ళీ. చెక్‌లిస్టులు, రేడియో కాల్స్ ఇంట్లో కుర్చీలో కూర్చుని పైకి చెప్పుకుంటూ నేర్చుకోవచ్చు. దానికి మీటరు లేదు. మూడో చోటు సోలో గంటలు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా గంటలు కూడబెట్టుకునేటప్పుడు, సరిగ్గా నిర్వహిస్తున్న పాత సెస్నా 152 చాలు. రేటు చూసి బేరమాడాల్సింది అక్కడ. ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్న గంటల్లో కాదు.

కాబట్టి స్కూలు గేటు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు వేరు. మీటరు ఎప్పుడు మొదలవుతుంది? పోయిన ఏడాది చేరినవాళ్ళు నిజంగా ఎన్ని గంటల్లో, ఎన్ని నెలల్లో లైసెన్సు తీసుకున్నారు? ఒక విమానానికి ఎంతమంది విద్యార్థులు? ఇన్‌స్ట్రక్టర్ మారితే ఎవరి ఖర్చు? మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు? జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వని స్కూలు గంటకి ఎంత తక్కువ చెప్పినా మీ డబ్బు అక్కడ కట్టకండి.