వింతలు – విడ్డూరాలు: పుదుచ్చేరిలో బూట్ల వ్యాజ్యం

దూరదేశమైన కెనడా వింతలు వినగోరే పాఠకులను ఈ మాసం మన పొరుగునే ఉన్న పుదుచ్చేరికి తీసుకొనిపోతున్నాము. ఈ రెంటికీ చుట్టరికం కలదు. 1763లో పారిస్ నగరంలో కుదిరిన ఒకే సంధితో ఫ్రాన్సు కెనడాను బ్రిటనుకు వదలుకొని, అంతకు రెండేండ్ల ముందు ఆంగ్ల సేనలు నేలమట్టం చేసిన పుదుచ్చేరిని తిరిగి పొందినది. బేరంలో లాభనష్టాలు పాఠకులే లెక్క చూచుకొందురు గాక!

ఈ ప్రభుత్వ పాలనలో నాలుగు ముక్కలు కలవు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళతీరాన, మాహె కేరళతీరాన, యానాం మన గోదావరి ఒడ్డున ఉన్నవి. ప్రయాణ భత్యం బిల్లులు తనిఖీ చేసే మాబోంట్లకు అక్కడి కార్యాలయాల లెక్కలు తలచుకొంటేనే కన్నులు తిరుగును. పట్టణంలో పోలీసు కానిస్టేబుళ్ళు నేటికీ ఫ్రెంచి తరహా ఎర్రటోపీ ధరిస్తారు. ఆగస్టు 15న జెండా ఎగురవేసినవారే మరునాడు మరల ఎగురవేస్తారు. 1954 నవంబరు 1న పాలన మన చేతికి వచ్చినా, విలీనం చట్టబద్ధమైనది 1962 ఆగస్టు 16న గదా! పాలన మారుటకు ముందు కీళూరులో ఓటువేసిన ప్రతినిధులు 178 మంది. భారతదేశంలో చేరుదుమన్నవారు 170 మంది.

అయితే మమ్ము అన్నిటికంటె ఆకర్షించినది ఒక జత బూట్ల కథ. 1873లో పొన్నుతంబి పిళ్ళై అనే వకీలు మనవారి ఉడుపులతోనే, కాళ్ళకు మాత్రం ఐరోపా తరహా బూట్లు తొడిగి న్యాయస్థానానికి వచ్చినాడు. స్వదేశీ వేషధారి పాదరక్షలు వెలుపల విడిచి రావలెనన్నది నాటి ఆచారం. బూట్లతో వచ్చిన వకీలును న్యాయమూర్తి లోనికి రానీయలేదు. మరొకడైతే గడపవద్ద బూట్లు విప్పి, కక్షిదారు పని చూచుకొనియుండును. పొన్నుతంబి విప్పలేదు. వ్యాజ్యాన్ని సముద్రాలు దాటించి పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం వరకు తీసుకొనిపోయి గెలిచినాడు. తొడిగినవి బూట్లే అయినా, గెలిచినది న్యాయస్థానంలో తలయెత్తుకొని నిలువగల హక్కు.

ఆయన అంతటితో ఊరకుండలేదు. ఫ్రెంచి పౌరస్మృతికి లోబడుదుమని దస్తావేజు వ్రాసి ఇచ్చినవారికి వర్ణభేదం లేక ఫ్రెంచివారితో సమాన పౌరన్యాయం వర్తించునట్లు 1881లో ఉత్తర్వు వెలువడినది. అట్టివారు ఇంటిపేరు ఒకటి ఎంచుకొనవలెను. ముందుగా ముందుకు వచ్చినవారిలో పొన్నుతంబి ఒకడు. ఆయన ఎంచుకొన్న పేరు ‘లాపోర్త్’. ఫ్రెంచిలో దానికి ద్వారమని అర్థం. బూట్లతో వచ్చినవానిని వెలుపల నిలిపినది అదే గదా!

అట్లు పేర్లు మార్చుకొన్నవారి సంతతివారు ఫ్రెంచి పౌరులుగా నేటికీ ఆ పట్టణంలో ఉన్నారు. ఇంట్లో తమిళం మాట్లాడుచు, ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికలకు పుదుచ్చేరిలోనే ఓటు వేస్తారు.