గింజకు గానుగ కావాలి

గుంటూరు జిన్నింగ్ మిల్లులో పత్తి ఆడిస్తే సుమారు ఒక వంతు దూది, రెండు వంతులు గింజ వస్తాయి. నూనె మిల్లు కొంటుంది కాబట్టే ఆ గింజకు ధర పలుకుతుంది. వాడిన అణు ఇంధనానిదీ అదే లెక్క. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారైన సహజ యురేనియం కట్టలు భారజల రియాక్టర్‌లో పనిచేసి బయటికొచ్చాక, టన్నులో దాదాపు 990 కిలోలు సారం తగ్గిన యురేనియమే. ప్లుటోనియం సుమారు 4 కిలోలు. వీటిని వేరుచేసే పునఃశుద్ధి ఖర్చును కొత్త యురేనియం ధరతో పోలిస్తే నష్టమే కనిపిస్తుంది. అయితే అసలు విలువ ఆ 4 కిలోలదే. దాన్ని ఇంధనంగా వాడుకోవడానికే కల్పాక్కంలో 500 మెగావాట్ల ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ కట్టారు. కాబట్టి లాభనష్టాలు తేల్చాల్సింది యురేనియం ధర కాదు, బ్రీడర్లు నడిచే తీరు. పునఃశుద్ధి కర్మాగారాలను వాటి వేగానికి తగ్గట్టే కట్టుకోవాలి.