హాఫ్ వైటా, క్రీమా? కొట్లో తేల్చుకోకండి

పండక్కి ఇంటికి రంగులేయించే రైతు సోదరులకి ఒక మాటండి. సార్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చాయి, సంక్రాంతి దగ్గరపడింది. మన సామర్లకోట చుట్టుపక్కల ఏ ఊరెళ్లినా గోడలు గీకుతున్న చప్పుడే. లోపలి గదులకి ఏం వేయిస్తున్నారని అడిగితే, "హాఫ్ వైటో, క్రీమో, రెండూ ఒకటేగా" అంటున్నారు.

ఒకటెలా అవుతాయండి? పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం పక్కపక్కన పోసి చూడండి. విడిగా చూస్తే రెండూ తెలుపే. పక్కన పెడితే ఉప్పుడు బియ్యంలో పసుపు ఛాయ తేలుతుంది. క్రీమూ అంతే.

పోయినేడాది నేను కొట్లో ట్యూబులైటు కింద షేడు కార్డు చూసి నడిమింటికి క్రీము తీసుకున్నాను. కార్డు మీద అగ్గిపెట్టంత ముక్క, మీగడలా ఉంది. మా నడిమింటికి ఒక్కటే కిటికీ, దానికెదురుగా పక్కింటి గోడ. నాలుగు గోడలకీ రెండేసి కోట్లు పడేసరికి ఒక గోడ పసుపు ఇంకో గోడ మీద పడి, గదంతా పొగచూరినట్టు అయిపోయింది. మా అమ్మకి చూపు తక్కువ. పొద్దున్న పదింటికి కూడా లైటేస్తేగాని బియ్యంలో రాయి కనబడట్లేదని చాట పట్టుకుని గుమ్మంలోకొచ్చి కూర్చుంటోంది. ఈ పండక్కి మళ్లీ హాఫ్ వైట్ వేయిస్తున్నాను. గది చూడకుండా కొన్నందుకు రెండో ఖర్చు.

అదే క్రీము వీధి హాల్లో బాగుంది. ఎండ బాగా పడేచోట హాఫ్ వైట్ కళ్లకి కొడుతుంది, క్రీము చల్లగా ఉంటుంది. మన భీమేశ్వరస్వామి సున్నపురాయి లింగం చూడండి, 14 అడుగులు, కింది అంతస్తు నుంచి పై అంతస్తులోకి లేచి ఉంటుంది. ఒకే రాయి. నా కళ్లకైతే కింద చూసిన తెలుపు వేరు, పైన చూసిన తెలుపు వేరు.

అందుకని ముందు రెండిట్లోనూ చెరో చిన్న డబ్బా తెచ్చుకోండి. ప్రైమరు కొట్టిన గోడ మీద రెండడుగుల మేర రెండు కోట్లు వేయించి, ఆరాక పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి చూడండి. పాత ఆకుపచ్చ గోడ మీద వేసి చూస్తే మోసపోతారు. రాత్రి మీరు రోజూ వాడే బల్బే వేయండి, పసుపు బల్బు కింద క్రీము ఇంకా ముదురుతుంది. కాలవ పక్క ఇళ్లవాళ్లు గోడ చెమ్మ ఆరకుండా ఏ రంగూ వేయించకండి, పొక్కులొస్తాయి. మేస్త్రీ పండగ తొందర పెడతాడు, ఒప్పుకోకండి.

డబ్బా మీద షేడు నెంబరు కూడా రాసి పెట్టుకోండి. నేను రాసుకోలేదు. హాల్లో బీరువా జరిపినప్పుడు గోడకి గీత పడితే, ఆ కాస్త అతుక్కి కొట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాను.