పందెముగా ఒడ్డిన భక్తి



“నమ్మినచో పోయెడిదేమున్నది? నమ్మకున్నచో ఏమి వచ్చిపడునో!” అనుమాట మన వంటయిండ్లలో దినమునకొకసారియైన వినబడుచునే యుండును. గ్రహణమునాడు గర్భిణిని చీకటిగదిలో కూర్చుండబెట్టునప్పుడును, బిడ్డకు జ్వరము తగ్గనప్పుడు మూడు గుడులకు ముడుపులు కట్టునప్పుడును, వానలు తప్పినయేట విరాటపర్వము చదివించునప్పుడును పెద్దలు చెప్పు సమాధానమిదియే. ఇదియొక తర్కమని చెప్పువారికి సైతము తోచదు. కాని దీనినే పాశ్చాత్యపండితులు మూడువందల యేండ్లకు పైబడి చర్చించుచున్నారు.

ఫ్రాన్సుదేశమున 1623లో పుట్టి 1662లో గతించిన బ్లేజ్ పాస్కల్ గొప్ప గణితజ్ఞుడు. జూదమున గెలుపోటముల పాళ్లను లెక్కకట్టు విద్యకు, 1654లో అతడును ఫెర్మా అను మరియొక గణితజ్ఞుడును వ్రాసికొన్న జాబులే పునాదియని చెప్పుదురు. ఆ లెక్కనే అతడు దైవవిషయమునకు పట్టించెను. దేవుడున్నాడో లేడో బుద్ధిచే తేలదు; ఆడక తప్పని ఆట యిది; ఉన్నాడని పందెమొడ్డి గెలిచినచో అంతులేని లాభము, ఓడినచో పోవునది స్వల్పము; కాబట్టి ఉన్నాడని యొడ్డుటయే వివేకమని అతని వాదము. అతని మరణానంతరము 1670లో అచ్చుపడిన గ్రంథములో నిది కలదు.

ఈ ఆలోచన మన దేశమునకు క్రొత్తది కాదు. మజ్ఝిమనికాయములోని అపణ్ణకసుత్తమున, కోసలదేశమందలి సాలగ్రామపు గృహస్థులతో బుద్ధుడు జూదగాని పాచికల ఉపమానముతోనే దీనిని ముచ్చటించెను. పరలోకమున్నదని యెంచి సత్ప్రవర్తనతో నుండువానికి, పరలోకము నిజమైనచో రెండుచోట్లను గెలుపే. లేకపోయినను బ్రతికియున్నంతకాలము విజ్ఞుల మెప్పు దక్కును. ఇందొక సూక్ష్మమున్నది. పాస్కల్ ఒడ్డుమన్నది ముఖ్యముగా విశ్వాసమును; బుద్ధుడు ఒడ్డుమన్నది నడవడిని. నడవడి మన చేతిలోనిది. అబద్ధమాడకుమనిన నేడే మానవచ్చును. నమ్ముమనిన నేడే నమ్ముట యెట్లు? ఈ చిక్కు పాస్కల్‌కును తెలియును. నమ్మినవారు చేయు పనులను చేయుచు పొండు, నమ్మకము వెనుక వచ్చునని అతడు చెప్పెను. ఇది కొంత నిజమే. మన పిల్లలు అర్థము తెలియకమునుపే చేతులు జోడింతురు గదా.

మా కంభము సీమలో పందెమనగా తెలియనివారు లేరు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండలనడుమ కట్టిన మా చెరువు 16వ శతాబ్దపు తొలిభాగము నాటిది. రాణి వరదరాజమ్మ కట్టించెనని ప్రసిద్ధి. కట్ట యెత్తు 57 అడుగులు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. అంతటి చెరువైనను నల్లమలలో వానలు పడనియేడు ఒట్టి నేలయే. చెరువుక్రింద పొలము లేనివాడు తొలకరికి కందులు చల్లుటయు ఆకాశముతో ఆడు జూదమే. అట్లయిన రైతు విత్తు చల్లుట తప్పుకానప్పుడు, భక్తుడు పందెమొడ్డుట మాత్రమేల తప్పగును?

మేమీ ప్రశ్నను చాలదినములు మనసులో త్రిప్పి చూచితిమి. తేడా విత్తులోనే యున్నది. చల్లినవాడు ఆశతో చల్లెనో, అప్పులవాని భయముతో చల్లెనో గింజకు పనిలేదు. పదును తగిలినచో మొలచును. భక్తి యట్టిది కాదు. అది చల్లినవాని హృదయమే. లాభము లెక్కవేసికొని తన్ను చేరినవానిని అంతర్యామి గుర్తింపడా? గుర్తింపలేనివాడైనచో వానికి మ్రొక్కుటయెందుకు? గుర్తించువాడైనచో ఈ లెక్క చెల్లుటెట్లు?

దీనికి మన భారతములోనే సమాధానమున్నది. చెప్పినవాడు మరెవరో కాదు, జూదమున సర్వస్వము పోగొట్టుకొన్న ధర్మరాజు! వనపర్వమున ద్రౌపది, ధర్మము నిన్ను కాపాడినదేమని నిలదీసినప్పుడు, ఫలము కోరి తాను ధర్మమాచరించుట లేదనియు, ధర్మముతో వర్తకము చేయువాడు ధర్మవాదులలో అధముడనియు అతడు పలికెను. భాగవతమున ప్రహ్లాదుడును నరసింహునితో, ప్రభువునుండి వరములాశించువాడు సేవకుడు కాడు, వర్తకుడని చెప్పును. జూదరి నోటను బాలుని నోటను వచ్చినది ఒకే మాట యగుట మాకు వింతగా తోచును.

పాస్కల్‌కు మరియొక ఆక్షేపణ కూడ తగిలినది. ఏ దేవునిపై ఒడ్డవలెను? మతములనేకములు గదా! ఇందు మాత్రము మన యాడువారు అతనికంటె గడుసరులు. మార్కాపురము చెన్నకేశవునకొక ముడుపు, గంగమ్మకొక కుండ, పీర్లపండుగనాడు చావిడికొక పిడికెడు చక్కెర! అన్ని గళ్లలోను కాసులు పెట్టుదురు. దీనిని చూచి నవ్వు చదువుకొన్నవారున్నారు. మేము నవ్వజాలము. బిడ్డ ఒడిలో మూలుగుచుండగా ఏ తల్లియు తర్కశాస్త్రము చూడదు. ఆమె చేయునది పందెమని కూడ మేమనుకొనము, అది మొర. కాని మొరపెట్టుటయు, మొరపెట్టితిమి గదా యని వైద్యునియొద్దకు పోవుట రెండునాళ్లు ఆపుటయు ఒకటి కాదు.

మా అసలు మాట యిక్కడ నున్నది. “పోయెడిదేమున్నది?” అనువారు పోయెడిదానిని సరిగా లెక్కింపరు. నిండుగర్భిణి గ్రహణము పట్టినది మొదలు విడుచువరకు నీరైన త్రాగక కదలక కూర్చుండుట ఏమియు పోవకుండుటయా? వడ్డీకి తెచ్చి మ్రొక్కు తీర్చిన యింట, ఆ యప్పు తీరువరకు పాలు మానుకొన్నదెవరు? పందెము ఒకరిది, ఒడ్డినది మరియొకరి దేహము. కౌరవసభలో ద్రౌపది అడిగినదియు ఇదియే కదా. తన్ను ముందుగా ఓడినవానికి ఆమెను ఒడ్డు అధికారమెక్కడిదని! భీష్మునియంతవాడును ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను.

ఈ పందెమునే త్రోసిపుచ్చినవారు మన తెలుగునాట లేకపోలేదు. గోరా అను పేరున ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారును, వారి భార్య సరస్వతీ గోరాగారును 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు చేరెను. పదియేండ్ల ప్రాయముననే వివాహమైన సరస్వతిగారు, తాము గర్భిణిగా నున్నప్పుడే గ్రహణనియమములను ఉల్లంఘించి తిరిగిరి. ఆమె తొమ్మండుగురు బిడ్డల తల్లి. వారి నాస్తికత్వము మాకు సమ్మతము కాదు. మా యింట సంధ్యదీపము వెలుగుచునే యున్నది. అయినను ఆమె ఒడ్డినది తన దేహమును, తన నిశ్చయమును. ఆ ధైర్యమును మెచ్చకుండుట న్యాయము కాదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు హైదరాబాదుకు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రములు గురిపెట్టి వేచియుండిరి. అదే దినమున ఎన్నియో ఇండ్లు తలుపులు బిగించుకొని కూర్చున్నవి. గ్రహణసూర్యుని వట్టికన్నులతో చూచుట కంటికి చేటు. అది శాస్త్రజ్ఞులు చెప్పుమాటయే. కాని కడుపులోని శిశువునకు అంగవైకల్యము కలుగునను భయమునకు వైద్యశాస్త్రమున ఆధారము లేదు.

అట్లని ఆచారమంతయు తీసివేయుమని మేము చెప్పుట లేదు. గ్రహణనియమము పాటింపవలెనని గర్భిణి తానుగా కోరినచో మాకు ఆక్షేపణ లేదు. దాహమైనప్పుడు మాత్రము నీరు త్రాగుమందుము. ఇంటిపెద్దలు చెప్పినందున ఆకలితో కూర్చున్నదైనచో, పందెము వేయుటకు ముందు ఆమెనెవరైన అడిగిరా యని మేము అడుగుదుము.