లోయయంచున మతేరా పట్టణము

దేశాటనము విద్యలో నొక భాగమని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అయితే కన్నులు చూచినదానిని బుద్ధి విచారింపనియెడల ఎంత దూరము తిరిగినను ప్రయోజనము స్వల్పము. దక్షిణ ఇటలీదేశమందలి మతేరా పట్టణము ఇందుకు మంచి నిదర్శనము. ఏటేట అనేకులు దూరదేశములనుండి వచ్చి ఆ పట్టణపు సౌందర్యమును కొనియాడి పోవుచున్నారు. ఆ సౌందర్యమును కాదనువాడను నేను కాను. కాని అచ్చటికి పోవువారు ఱాళ్లను చూచుటతో తృప్తిపడక, ఆ ఱాళ్లలో కాపురముండినవారిని గూర్చియు విచారింపవలెనని నా యభిప్రాయము.

మతేరా బసిలికాతా సీమలోనిది. గ్రావినా యను సెలయేఱు సున్నపుఱాతి నేలను యుగములతరబడి కోసికొనుచు పోయినందున అచ్చట లోతైన యిరుకు లోయ యేర్పడినది. ఆ లోయయంచున ఏటవాలు చఱియలమీద పట్టణము నిలిచియున్నది. అచ్చటి ఱాయి మెత్తనిది. పూర్వులు దానిని తొలిచి గదులు చేసికొని, తొలిచిన ఱాతినే దిమ్మెలుగా కోసి ముందువైపున గోడలు కట్టిరి. ఒక యింటి కప్పు పైయింటివారికి వీధియగును. ఇట్టి పేటలు రెండు కలవు. వీటికి సాస్సి, అనగా ఱాళ్లు, అని పేరు. రెంటి నడుమనున్న మిట్టమీద 13వ శతాబ్దమునాటి ప్రధాన దేవాలయము కలదు. లోయ పొడవునను చుట్టుపట్లను ఱాతిలో తొలిచిన చిన్న దేవాలయములు నూటికి పైగా నున్నవి. కొన్నిటి గోడలమీద పరిశుద్ధుల వర్ణచిత్రములు నేటికిని కానవచ్చును.

అయినను ఆ పట్టణస్థుల గొప్ప ప్రజ్ఞ నేలక్రింద నున్నది. లోయ యడుగున ఏఱున్నను, అంత లోతునుండి నీళ్లు మోసికొనివచ్చుట మిక్కిలి కష్టము. కావున వారు వాననీటిని కాలువలగుండ మళ్లించి, ఇండ్లక్రింద గంట యాకారముగా తొలిచిన తొట్లలో నిలువచేసికొనిరి. నీరు ఇంకిపోకుండ లోపల గట్టి పూత పూసిరి. పట్టణపు ముఖ్యమైన చౌకుక్రింద పలోంబారో లుంగో యను జలాశయము కలదు. అందులో సుమారు 50 లక్షల లీటర్ల నీరు పట్టును. కరవుసీమలవారమైన మనకు ఈ పనియొక్క విలువ వేఱుగా చెప్పనక్కరలేదు.

అట్టి పట్టణము దుర్దశకు ఎట్లు వచ్చినది? 1663 మొదలు 1806 వఱకు మతేరా ఆ సీమకు ముఖ్యపట్టణము. పిమ్మట ఆ పదవి పొటెంజాకు పోయెను. జనము పెరిగెను గాని జీవనాధారములు పెరుగలేదు. పశువుల కొట్టములును, నీటితొట్లును సహితము కాపురపు గదులాయెను. తల్లిదండ్రులు, బిడ్డలు, కంచరగాడిద, కోళ్లు ఒక్క గుహలోనే నివసింపవలసివచ్చెను. 1935లో ఫాసిస్టు ప్రభుత్వముచే ఆ సీమకు ప్రవాసము పంపబడిన కార్లో లేవీ యను చిత్రకారుడు 1945లో "క్రీస్తు ఎబోలీయొద్ద నిలిచిపోయెను" అను గ్రంథమును ప్రకటించెను. క్రీస్తు తమ యూళ్లవఱకు రాలేదనుటలో, తమ్మును ఎవరును మనుష్యులుగా నెంచలేదని అచ్చటి రైతుల భావము. వైద్యురాలైన తన సోదరి మతేరాలో చూచినదానిని ఆయన అందులో వ్రాసెను. పిల్లలు ఆమె వెంటబడి యడిగినది కాసులు కావు. మలేరియా జ్వరమునకు క్వినైను మందు.

ఈ గ్రంథము వెలువడిన తరువాత సాస్సి పేటలు జాతికే సిగ్గుచేటను మాట దేశమంతట వ్యాపించెను. 1950లో ప్రధానమంత్రి దె గాస్పెరి స్వయముగా వచ్చి చూచెను. 1952లో ఒక శాసనము పుట్టెను. దానిననుసరించి సుమారు 15,000 మంది గుహలు విడిచి క్రొత్త యిండ్లకు పోయిరి.

ఈ తరలింపు తప్పని కొందఱు చెప్పుదురు. నేనట్లు చెప్పజాలను. జ్వరముతో మూల్గు బిడ్డకు గుహయొక్క యందము మందు కాదు. గాలియు వెలుతురును మంచినీరును గల యిల్లు ప్రతి కుటుంబమునకు న్యాయముగా రావలసినదే. అయితే ఆ మేలుతోపాటు ఒక నష్టమును కలిగెను. సాస్సిలో కొన్ని యిండ్లకు ఒక ముంగిలి యుండెడిది. నీటితొట్టియు, పనిపాటలును, కష్టసుఖములును అందఱికి ఉమ్మడి. ఇంట పిసికిన రొట్టెపిండిని పేటలోని పొయ్యికి పంపునప్పుడు, ఎవరి రొట్టె వారికి చేరుటకై కొయ్యముద్రతో గుర్తు వేసెడివారు. లా మార్తెల్లా యను క్రొత్త గ్రామమును కట్టినవారు ఈ యిరుగుపొరుగు బంధమును నిలుపజూచిరి. కాని తరతరములుగా పెరిగిన బంధము నక్షా గీచినంత మాత్రమున మరల మొలవదు.

విడిచిపెట్టిన పేటలు చాలకాలము పాడుపడియుండెను. 1986లో వాటిని బాగుచేయుటకు మరియొక శాసనము వచ్చెను. 1993లో యునెస్కో వారు వాటిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చిరి. 2019లో మతేరా ఐరోపా సాంస్కృతిక రాజధానులలో నొకటిగా నుండెను. బీదలు కాపురముండిన గుహలలో కొన్ని నేడు ధనవంతులు బసచేయు హోటళ్లు. ఱాయి మాఱలేదు, లోయ మాఱలేదు. మొదట సిగ్గు అని పిలువబడినదే పిమ్మట కీర్తి యని పిలువబడుచున్నది. కాబట్టి సిగ్గు ఆ యిండ్లది కాదు, ఆ యిండ్లు కట్టినవారిదియు కాదు. మనుష్యులు అట్లు బాధపడుచుండగా ఎఱిగియు ఉపేక్షించినవారిదే ఆ సిగ్గు.

కనుక ఆ పట్టణమును దర్శించు భాగ్యము మీలో నెవరికైన కలిగినయెడల, దేవాలయముతోపాటు నీటితొట్లను చూడుడు. పూర్వపు సామానులతో నుంచిన గుహాగృహములో కొంతసేపు నిలిచి, అందు ఎందఱు నిద్రించిరో లెక్కింపుడు. పిమ్మట క్రొత్త పేటలకును పోయి, అచ్చటి వృద్ధులకు నమస్కరింపుడు.

విద్యార్థులారా, మీలో కొందఱు తమ యిల్లు పూరిల్లని తోడివారికి చూపుటకు వెనుదీయుదురని ఎఱుగుదును. మన ప్రభువు పశువుల తొట్టిలో పరుండబెట్టబడెనని మీరు చిన్ననాటనే నేర్చితిరి గదా. ఇంటికి నీరు, వెలుతురు, మందు కావలెనని గట్టిగా అడుగుడు. అది మీ హక్కు. కాని ఆ యింటిని కట్టిన మీ తలిదండ్రుల చేతులను గూర్చి యెన్నడును సిగ్గుపడకుడు.