ఉమ్మడి జిల్లా సగటులు, కొత్త జిల్లాల ప్రశ్నలు: పరిశోధనల అనుబంధ దత్తాంశం అందుబాటులోకి రావలసిన అవసరం

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అనే ఐదు జిల్లాలుగా ఏర్పడింది. పాలనాపరంగా ఆ మార్పు ఒక్క రోజులో అమలులోకి వచ్చింది. పరిశోధన సాహిత్యంలో దాని పర్యవసానం గురించి మాత్రం చర్చ తక్కువగా జరిగింది. అంతకు ముందు దశాబ్దాల పాటు ‘వరంగల్ జిల్లా’ పేరిట వెలువడిన దిగుబడులు, సాగు ఖర్చులు, భూసార పరీక్షల ఫలితాలు, సాంకేతిక పరిజ్ఞాన స్వీకరణ స్థాయిలు ఆనాటితో ఏ ఒక్క జిల్లాకూ చెందని అంకెలయ్యాయి.

పాత అంకెను ఐదుగా విభజించుకుంటే సరిపోతుందా అంటే, సరిపోదు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం జిల్లా నుండి మహబూబాబాద్‌లో చేరాయి. మహదేవ్‌పూర్, కాటారం మండలాలు కరీంనగర్ నుండి భూపాలపల్లికి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు విడివడింది. 2021లో వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గానూ, వరంగల్ అర్బన్ హనుమకొండగానూ పేర్లు మార్చుకున్నాయి. అంటే ‘వరంగల్ జిల్లా’ అన్న మాట 2016కు ముందరి పత్రంలో ఒక విశాల భూభాగాన్ని, 2021 తరువాతి పత్రంలో అందులోని ఒక ముక్కను సూచిస్తుంది. రెండు పత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చే విద్యార్థికి ఈ తేడాను ఏ పట్టికా గుర్తు చేయదు.

జనగామ ప్రాంతం ఎర్ర చల్కా నేలలతో, తరచు వర్షాభావంతో, చెరువులు, బోరుబావుల మీద ఆధారపడిన ప్రాంతం. మహబూబాబాద్ మిర్చికి పేరున్నది. భూపాలపల్లి గోదావరి తీరాన అడవులు, బొగ్గు గనుల నడుమ పత్తి, వరి పండిస్తున్నది. ఈ మూడింటికీ కలిపి తీసిన సగటు మూడింటిలో ఏ రైతు పొలాన్నీ వర్ణించదు. ఆనాటి పత్రాలతో పాటు మడి వారీగా, రైతు వారీగా లెక్కలు, వాటి పక్కన గ్రామం పేరు ఉన్న ఒక్క నిలువు వరుస అనుబంధంగా భద్రపరచి ఉంటే, ఆ లెక్కలను కొత్త సరిహద్దుల ప్రకారం తిరిగి కూర్చడం ఒక విద్యార్థికి ఒక పూట పని అయ్యేది. కొలిచిన శాస్త్రజ్ఞుల శ్రమలో లోపం లేదు. అచ్చులో మిగిలినది మాత్రం సగటు, దాని కింద ఒక క్రాంతిక భేదం.

అనుబంధ దత్తాంశాన్ని ఇతరులకు అందించడం కొత్త ఆలోచన కాదు, దూరదేశపు ఆలోచన అంతకన్నా కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాల్లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూర్ గ్రామాలున్నాయి. గ్రామానికి 40 కుటుంబాల చొప్పున, కూలీ కుటుంబాలతో సహా, ఏళ్ల తరబడి వివరాలు నమోదయ్యాయి. ఆ కుటుంబ స్థాయి లెక్కలు బయటి పరిశోధకులకు కూడా అందడం వల్లనే ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఔరేపల్లితో సహా మూడు గ్రామాల సమాచారంతో, కరువు కాలపు నష్టాన్ని కుటుంబాలు పరస్పరం ఎంతవరకు పంచుకుంటాయన్న ప్రశ్నను పరిశీలించగలిగారు. అదే సంస్థ జిల్లా స్థాయి గణాంకాలను 1966 నాటి సరిహద్దులకు సర్దుబాటు చేసి కూడా అందిస్తున్నది. జిల్లాలు చీలుతాయన్నది అక్కడ ముందే ఊహించిన విషయం.

విస్తరణ విద్యా పరిశోధనల్లో ఈ నష్టం మరింత లోతైనది. మూడు మండలాలు, మండలానికి కొన్ని గ్రామాలు, మొత్తం 120 మంది రైతులు అన్నది స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాల్లో అందరికీ పరిచితమైన నమూనా. ప్రతి రైతుకూ స్వీకరణ మార్కులు వేస్తారు. ఆ మార్కుల సగటుకు ఒక ప్రామాణిక విచలనం కలిపి, తీసివేసి, రైతులను అల్ప, మధ్యమ, అధిక వర్గాలుగా విభజిస్తారు. పత్రంలో చేరేది ఈ వర్గాల శాతాలే. ఉదాహరణకు జనగామలో సగటు 14, మహబూబాబాద్‌లో 22, రెండు చోట్లా విచలనం 3 అనుకుంటే, 18 మార్కులు వచ్చిన రైతు జనగామలో ‘అధిక’ వర్గంలోనూ, మహబూబాబాద్‌లో ‘అల్ప’ వర్గంలోనూ చేరతాడు. పైగా సామాన్య విభాజనంలో సుమారు 68 శాతం విలువలు సగటుకు ఒక విచలనం లోపలే ఉంటాయి. అందువల్ల ‘అధిక సంఖ్యాకులైన రైతులు మధ్యమ స్థాయిలో ఉన్నారు’ అని పత్రం తరువాత పత్రం తేల్చే నిర్ధారణలో రైతుల గురించి ఎంత ఉన్నదో, లెక్క పద్ధతి గురించి ఎంత ఉన్నదో విడదీయడం కష్టం. 120 మంది మార్కులు, వరుసకు ఒక రైతు చొప్పున లభ్యమైతే తప్ప రెండు అధ్యయనాలను పోల్చడానికి వేరే మార్గం లేదు. ఆ పట్టిక మూడు నాలుగు పుటలకు మించదు.

మార్కులతో పాటు ప్రశ్నావళి కూడా చేరాలి. రైతును తెలుగులో అడిగిన ప్రశ్న పత్రంలో ఆంగ్లంలో కనిపిస్తుంది. రైతు గుంటల్లో చెప్పిన విస్తీర్ణం, బస్తాల్లో చెప్పిన దిగుబడి హెక్టారుకు క్వింటాళ్లుగా మారి అచ్చవుతుంది. బస్తాకు ఎన్ని కిలోలుగా లెక్కించారన్నది నమోదు కాకపోతే, ఆ దశాంశ స్థానాల ఖచ్చితత్వానికి ఆధారం ఉండదు.

వివరమైన నమోదు ఎంత విలువైనదో 2021-22 పంట కాలం చూపించింది. నల్ల తామర పురుగు ఆ ఏడు మహబూబాబాద్‌తో సహా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిర్చి తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. ఈ జాతి ఉనికి భారతదేశంలో మొదట 2015లో బెంగళూరు బొప్పాయి మీద నమోదయింది. నడుమ ఆరేళ్లలో అది ఏ దారిన, ఏ ఏడు ఏ మండలానికి చేరిందో తెలుసుకోవాలంటే, ఆ కాలపు మిర్చి సర్వేలలో తోట వారీగా తీసిన పురుగుల లెక్కలు, పూతలో కనిపించిన పురుగుల ఛాయాచిత్రాలు, భద్రపరచిన నమూనాలు కావాలి. ‘ఆకుకు సగటున ఇన్ని తామర పురుగులు’ అన్న వాక్యంలో ఏ జాతి పురుగో, ఏ ఊరి తోటో ఉండదు.

వ్యవసాయం ఆరోగ్యంతో కలిసే చోట ఈ ప్రశ్న మరింత సున్నితమైనది. వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరిన 8,040 మంది గురించి 2005లో ఒక అంతర్జాతీయ పత్రిక అధ్యయనాన్ని ప్రచురించింది. చేరిన వారిలో 22.6 శాతం మంది మరణించారు. 2002 నాటి వివరాల్లో, మందు పేరు తెలిసిన మరణాల్లో అధిక భాగానికి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కారణమని తేలింది. ఎండోసల్ఫాన్ ఉత్పత్తిని, అమ్మకాన్ని, వాడకాన్ని 2011 మేలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఒక జిల్లా ఆసుపత్రి రికార్డులు ఓపికగా లెక్కిస్తే ఎంతటి విధాన ప్రశ్నకు ఆధారం దొరుకుతుందో చెప్పడానికి ఈ అధ్యయనం చాలు. ఏరువాక కేంద్రంలో పనిచేసే శాస్త్రవేత్తకు అవసరమైనది దానికి తరువాతి మెట్టు: ఏ మండలం నుండి, ఏ మందుతో, ఎన్ని గంటల తరువాత రోగి ఆసుపత్రికి చేరాడు? మహదేవ్‌పూర్ నుండి వరంగల్‌కు ఉన్న దూరం, జనగామ నుండి ఉన్న దూరం ఒకటి కావు. ఈ మూడు విషయాలకు రోగి పేరు గాని, ఊరు గాని అవసరం లేదు.

గోప్యత గురించిన ఆక్షేపణ నిజమైనదే, తేలికగా కొట్టివేయదగినది కాదు. భూపాలపల్లి అడవుల్లో ఇరవై ఇళ్ల గూడెంలో వయస్సు, లింగం, తెగ, భూమి విస్తీర్ణం కలిపి రాస్తే పేరు లేకుండానే మనిషి తెలిసిపోతాడు. అయితే దీనికి పరిష్కారాలు అమలులో ఉన్నవే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గ్రామీణ నమూనా స్థలాల అక్షాంశ రేఖాంశాలను సాధారణంగా 5 కిలోమీటర్ల వరకు పక్కకు జరిపి పరిశోధకులకు ఇస్తుంది. 2015-16 నాటి నాలుగవ సర్వే నివేదికలో వరంగల్ ఒకటే జిల్లా. 2019-21 నాటి అయిదవ సర్వేలో తెలంగాణకు 31 జిల్లాల లెక్కలున్నాయి. కుటుంబ స్థాయి సమాచారం లభ్యం కావడం వల్ల పాత సర్వేను కొత్త జిల్లాలకు, కొంత దోషంతోనైనా, సర్దుకోవడం సాధ్యం. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 కూడా పరిశోధనకు ద్వారం మూయలేదు. ఒక నిర్దిష్ట వ్యక్తి విషయంలో నిర్ణయానికి వాడకుండా, నిర్దేశిత ప్రమాణాలకు లోబడి సాగే పరిశోధనకు అందులో మినహాయింపు ఉన్నది. కాగా ఆ సర్వే డేటాను పంచే అమెరికా కార్యక్రమానికి 2025లో నిధులు ఆగిపోగా కొత్త దరఖాస్తుల స్వీకరణ నిలిచింది. ఇక్కడి ప్రజల లెక్కలకు ఇక్కడ ఒక ప్రతి ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

‘కోరితే అందజేయబడును’ అన్న వాక్యం పత్రాల చివర ఇప్పుడు కనిపిస్తున్నది. దాని విలువను కొలిచిన వారున్నారు. 2019 జనవరిలో వెలువడిన వైద్య, ఆరోగ్య పత్రాల్లో ఇలాంటి హామీ ఇచ్చిన 1,792 పత్రాల రచయితలను 2022లో ప్రచురితమైన ఒక అధ్యయనం సంప్రదించగా, 93 శాతం మంది బదులివ్వలేదు లేదా నిరాకరించారు. 516 జీవశాస్త్ర పత్రాల మీద 2014లో వచ్చిన మరొక అధ్యయనం ప్రకారం, దత్తాంశం ఇంకా మిగిలి ఉండే అవకాశ నిష్పత్తి పత్రం వెలువడిన తరువాత ఏటా 17 శాతం తగ్గింది. దీనికి దురుద్దేశం అక్కరలేదు. శాస్త్రవేత్త మరో కేంద్రానికి బదిలీ అవుతాడు, విద్యార్థి ఉద్యోగంలో చేరతాడు, క్షేత్ర పుస్తకం బీరువా మీద మిగిలిపోతుంది.

యువ శాస్త్రవేత్తల సందేహం వేరు: మూడు వానకాలాలు మడుల వెంట తిరిగి సేకరించిన లెక్కలతో మరొకరు ముందుగా పత్రం రాస్తే? ఇది న్యాయమైన భయం. రెండేళ్ల వరకు దత్తాంశాన్ని తెరవకుండా ఉంచి, ఆ తరువాత వాడుకున్న ప్రతివారూ మూల సేకరణకర్తను పత్రం వలెనే ఉదహరించాలని నియమం పెట్టవచ్చు. పదోన్నతి మదింపులో దత్తాంశ సమర్పణకు మార్కులు లేనంత కాలం మాత్రం ఎన్ని నియమాలు చేసినా ఖాళీ దస్త్రాలే వస్తాయి.

నిల్వకు కొత్త భవనం అవసరం లేదు. సిద్ధాంత వ్యాసాలకు కృషికోశ్, దత్తాంశానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కృషి పోర్టల్ ఉన్నాయి. విశ్వవిద్యాలయ పత్రిక కోరవలసినది ఇంతే: ప్రతి పత్రంతో పాటు గణన పట్టిక రూపంలో ఒక దస్త్రం, అందులోని ప్రతి నిలువు వరుసకు వివరణ, తెలుగు ప్రశ్నావళి, విఫలమైన మడుల లెక్కలు కూడా. స్కాను చేసిన పుట చాలదు, దాని నుండి అంకెలు తిరిగి ఎక్కించాలంటే మళ్లీ తప్పులు దొర్లుతాయి.

గ్రామం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2016లో జిల్లాలతో పాటు మండలాలూ మారాయి. జనగామలో చిల్పూర్, తరిగొప్పుల, మహబూబాబాద్‌లో దంతాలపల్లి, పెద్దవంగర, భూపాలపల్లిలో టేకుమట్ల అప్పుడే కొత్త మండలాలయ్యాయి. అందువల్ల మండలం పేరు కూడా స్థిరమైన గుర్తు కాదు. 2011 జనాభా లెక్కల గ్రామ సంఖ్యను ప్రతి వరుసకూ జోడించి, ఆ ఒక్క నిలువు వరుసను విశ్వవిద్యాలయ భాండారంలో ఉంచి, గోప్యతా హామీపత్రం రాసి ఇచ్చిన పరిశోధకులకు అందజేయవచ్చు. బహిరంగ ప్రతిలో మండలం, నేల రకం, నీటి వసతి ఉంటే చాలు. ఈ వానకాలం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి గ్రామాల్లో ప్రశ్నావళులు పట్టుకుని తిరిగే విద్యార్థులు ఆ సంఖ్యను మొదటి పుట మీదే రాసుకోవచ్చు.