రన్‌వే అంకె మార్చడం వృథా ఖర్చా?

గన్నవరం విమానాశ్రయంలో రన్‌వేకి ఒక చివర 08 అనీ, రెండో చివర 26 అనీ పెద్ద తెల్లని అంకెలు ఉంటాయి. ఇవి వరుస సంఖ్యలు కావు. ఉత్తరం నుంచి తూర్పుగా తిరుగుతూ కొలిచిన కోణాన్ని దగ్గరి పదికి సవరించి, చివరి సున్న తీసేస్తే వచ్చేవి. 08 అంటే సుమారు 80 డిగ్రీలు, 26 అంటే 260. రెండింటికీ తేడా 180 అని గమనించారా? కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద విమానాలు అత్యవసరంగా దిగేందుకు ఒక దారి వేశారు. దానికి ఏ అంకెలు వస్తాయో పటం మీద కొలిచి చూడండి.

అయితే కొలవవలసింది ఏ ఉత్తరం నుంచి? ధ్రువనక్షత్రం వైపున్న నిజ ఉత్తరం నుంచి కాదు, దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం నుంచి. ఈ రెంటికీ మధ్య కోణాన్ని దిక్పాతం అంటారు. అది స్థిరంగా ఉండదు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాటాక కరిగిన ఇనుము ఉంది. భూమి అయస్కాంతత్వానికి దాని కదలికలే మూలం. ఆ కదలికలు మారితే ముల్లూ మెల్లగా జరుగుతుంది. లండనులో 1580లో ముల్లు తూర్పుకు 11 డిగ్రీలు వాలి ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో పడమరకు 24 డిగ్రీలు దాటింది!

అందుచేతనే 2009లో లండను దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 05–23 రన్‌వే 04–22 అయింది. 2011లో అమెరికాలోని టాంపాలో 18 కాస్తా 19 అయింది. ఒకచోట తగ్గింది, ఇంకొకచోట పెరిగింది. రన్‌వేలు మాత్రం అంగుళం కదలలేదు.

"ఈ రంగులు, బోర్డులు, పటాలు మార్చే బాధ ఎందుకండీ? నిజ ఉత్తరం నుంచే కొలిస్తే పోలేదా?" అని పిల్లలు అడుగుతారు. తెలివైన ప్రశ్నే. అయస్కాంత ధ్రువానికి చేరువైన ఉత్తర కెనడాలో ముల్లును నమ్మలేరు కనుక అలాగే కొలుస్తారు. కాని విమానంలో ముల్లు చూసి దిశ తెలుసుకునే పద్ధతి ఉన్నంతకాలం అంకె ముల్లుతో ఏకీభవించాల్సిందేనని నా అభిప్రాయం. 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో, ఇంకా తెల్లవారకముందే, 22 మీద నుంచి లేవవలసిన విమానం పొరపాటున 26 మీదికి వెళ్లింది. అది పొట్టి రన్‌వే. 50 మందిలో 49 మంది మరణించారు. అంకెల మధ్య తేడా 40 డిగ్రీలు. దిశ చూపే పరికరాన్ని అనుమతించిన అంకెతో ఒక్కసారి పోల్చుకుంటే చాలు, బయటపడేది. అంకె పాతబడిపోతే ఆ పోలికను ఎవరు నమ్ముతారు? రంగు ఖర్చు దీని ముందు ఏపాటిది!

చిన్న తరగతుల్లో "దిక్సూచి ఉత్తరాన్ని చూపుతుంది" అని నేర్చుకుంటాం. ఆ వాక్యం చాలదు. ఎంత తేడాతో, ఏ సంవత్సరంలో అన్నది పక్కనే ఉండాలి. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఎక్కడైనా ఇప్పుడు ముల్లు సుమారు ఒక డిగ్రీ పడమరకు వాలి ఉంటుంది. మీటరు గీత చివర అది 1.7 సెంటీమీటర్లే. అయినా కొలవవచ్చు. డిసెంబరులో బడి ఆవరణలో నిటారుగా ఒక కర్ర నాటి, దాని మొదలు కేంద్రంగా వృత్తం గీయండి. పొద్దున, మళ్ళీ మధ్యాహ్నం దాటాక నీడ కొన వృత్తాన్ని తాకిన చోట్లు గుర్తించండి. ఆ రెంటినీ కలిపే గీతకు కర్ర మొదలు నుంచి లంబం గీస్తే అదే నిజ ఉత్తరం. దాని మీద దిక్సూచి పెట్టండి. చిన్నదైతే ఒక డిగ్రీ అందదు, ముల్లు పొడవైనది కావాలి. సైకిళ్లకూ, ఇనుప కిటికీలకూ, సెల్‌ఫోన్లకూ దూరంగా సుమా! వచ్చిన కోణాన్ని తేదీతో సహా బడి గోడ మీద రాసి ఉంచండి.